అడుగున మిగిలిన గుక్క

అసున్సియోన్, ఆగస్టు 1968

అమ్మకు, ఇచట నేను క్షేమం.

పింఛను అడిగితే, దాఖలాలు పోయాయి గనుక తాతయ్య బొలీవియాతో జరిగిన చాకో యుద్ధానికి వెళ్ళనట్టే భావించవలసి ఉంటుందని సైనిక కార్యాలయం సెలవిచ్చింది. తోటి సైనికుడి సాక్ష్యం చెల్లుతుందనడంతో దోన్ ఎలీహియోను వెతికి పట్టుకున్నాను. తాతయ్య పేరు వినగానే ముసలాయన, "బసీలియోనా! వాడింకా చల్లటి తెరెరే తేనీరు తాగి కప్పు అడుగున ఓ గుక్క వదిలేస్తాడా, పిల్లా? ఆ ఎడారిలో మా ఇద్దరికీ ఒకటే నీళ్ళసీసా. వాడొదిలిన గుక్కతోనే బతికా, దొంగవెధవ!" అంటూ ఏడ్చి, వేలిముద్ర వేశాడు. గుమాస్తా స్వీకరించాడు, గుక్క సంగతి రాయడానికి మాత్రం ఫారంలో గడి లేదట.

ఎర్రావు ఈనిందా? నా ఉన్ని శాలువా పంపు.

అందరూ తాగే కప్పులో ఎంగిలి మిగులుస్తాడని తాతయ్యను ఇకపై మందలించరాదు. ఆ గుక్క నువ్వు తాగి, కప్పు నింపవలసిందిగా మనవి.

చేతులు జోడించి ఆయన దీవెన కోరుతూ,
ఎర్మిండా