అరవకుంటే వెచ్చగున్నట్టే

జనవరి 7
షెడ్డుల కొత్త కోడిపిల్లలు దిగినయ్. ఊక పరిచిన, బల్బులు కిందికి దించిన. అరుస్తూ ఒకదానిమీదొకటి పడితే సలి. సప్పుడు చెయ్యకుండా విడివిడిగా పండుకుంటే వెచ్చగున్నట్టే. ఎవడూ నేర్పలే — మూడేండ్లు చూసి నేర్చుకున్న.

జనవరి 9
అక్కకు ఆడపిల్ల. నెల ముందే. కొంటా ఆసుపత్రికి పోను బండి దొరికేలోపే, ఇంట్లనే. పుట్టంగనే అక్క అత్త పాపకు నీళ్లు పోసింది. తడి తలతోనే చాపమీద పండబెట్టింది. పొద్దంతా సన్నగ ఏడుస్తనే ఉంది.

జనవరి 10
పొద్దుగాల పోయిన. పాప సప్పుడు లేదు. పాలు కూడా పట్టలే. అక్క ఎత్తుకోబోయింది. నేనే ఆపిన.
"పండుకోనీయ్ అక్కా. అరుస్తలేదు గద, వెచ్చగనే ఉంది."
షెడ్డుకు పోయిన, కోడిపిల్లలకు నీళ్లు పెట్టాలెనని.
మధ్యాహ్నం మితానిన్ దీదీ, ఊళ్లె తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఆమె, మందుల సంచితో వచ్చిందట. పాప పాదాలు ముట్టుకోంగనే అక్క రవిక విప్పించి, పాపను రొమ్ముకు ఆనించి దుప్పటి కప్పిందట. అప్పటికే… సాయంత్రానికి పాప లేదు.

జనవరి 11
బావ గుంత తవ్విండు. అడుగున ఊక పరుస్తనన్న. ఎవరూ ఒప్పుకోలే.

జనవరి 13
దీదీని అడిగిన. కొట్లాడినట్టే అడిగిన. పసిబిడ్డ మనలెక్క వణకదట. మెడ వెనక, వీపు మీద కొంచెం కొవ్వు ఉంటదట, దాన్నే కరిగించి వేడి చేసుకుంటదట. నెల ముందు పుడితే అదీ సాలదు. తడి ఒళ్లు, పెద్ద తల — ఉన్న వేడంతా అట్నే పోతది. బాగా సల్లబడ్డ బిడ్డ ఏడుపు మానేస్తది, పాలు గుంజది. సప్పుడు లేకపోవుడే గుర్తు.
కోడిపిల్లకు బల్బు, ఊక, చుట్టూ పరదాలు, గోడకు థర్మామీటర్. మా పాపకు నా తెలివి. థూ.

జనవరి 16
వచ్చినోళ్లందరికీ అక్క అత్త ఒకటే పాట — తల్లికి తెలవొద్దా, బిడ్డను పక్కల పెట్టుకోవద్దా అని. నీళ్లు పోసిన సంగతి ఎత్తదు. అక్క తల వంచుకొని వింటది. నా పేరు చెప్పదు.
నేనూ చెప్పలే. నోరుగల్లదంటరు నన్ను. ఏడ సచ్చిందో ఆ నోరు.

జనవరి 18
అక్క షెడ్డుకు వచ్చింది. పాలు కారి రవిక తడిసి ఉంది. బల్బుల కింద పిల్లలన్నీ విడివిడిగా, సప్పుడు లేకుండా. శానాసేపు చూసింది.
"లేపు," అంది.
వెచ్చగనే ఉన్నయ్ అనబోయి మింగిన. రేకు డబ్బా మీద కట్టెతో కొట్టిన. అన్నీ లేచి అరిచినయ్. అక్క వింటా నిలబడ్డది. ఇప్పుడు చెప్దామనుకున్న — నీ అత్తకు నేనే చెప్త, ఆపింది నేనేనని…
పిల్లలు సద్దుమణుగుతున్నయ్.
"మళ్ల కొట్టు," అంది.