వేప కింద రెండో మనిషి

జూన్ 8
తొలి వాన. మట్టి జానెడు లోతు తడిసింది. ఇక పెంకు పురుగులు పైకి లేస్తాయి. గట్టు మీది వేప దాకా పోయి వచ్చాను. అవతలి చెలకలో తమ్ముడు పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

జూన్ 9
పొద్దుగూకింది. వేప మీద ఒకటే చప్పుడు — పురుగులు ఆకులు కొరుకుతున్నాయి. మట్టిలో గుడ్లు పెట్టకముందే పట్టాలి. పెట్టాయంటే వేరుపురుగు... తెల్లగా, వంకరగా, పల్లి వేళ్లన్నీ తినేస్తుంది. పోయినేడు అదే అయింది. తప్పు నాదే. పేడ మగ్గకుండానే చల్లాను. "అన్నా, ఎరువు ఇంకా వేడిగనే ఉన్నది, పురుగు వడ్తది" అన్నాడు తమ్ముడు నర్సింహ. విననట్టు గంప ఎత్తుకున్నాను. పురుగు నా చెలకలో పుట్టి గట్టు దాటింది. తన చెలకలోంచి వేరు లేని పల్లి మొక్క ఒకటి తెచ్చి నా ముందు పడేసి పోయాడు. అప్పటి నుంచి మాట లేదు.

జూన్ 10
ఒక్కడినే పోయాను. కొంకి కట్టెతో కొమ్మ ఊపాను. కింద చీర పరిచాను గానీ, పట్టేవాడు లేడు. సగం గడ్డిలోకి దూరాయి. కిరోసిన్ నీళ్లలో పడ్డవి నలభై ఏడు.
ఏటా ఊపేది నేను, కింద చీర పట్టేది అతను. "నా అంగిల వడ్డది గూడ లెక్కల రాస్కో అన్నా" — నవ్వేవాడు.

జూన్ 11
నా భార్య భారతి అన్నం పెడుతూ, "నేనొచ్చి చీర పడ్త" అంది. వద్దన్నాను.
"నీకు పురుగులు పట్టెటోళ్లు గావాల్నా, తమ్ముడు గావాల్నా?"
చెయ్యి కడుక్కొని లేచాను.

జూన్ 12
ఇబ్రహీంపట్నం నుంచి పల్లి విత్తనం తెచ్చాను. ఎరువు గుంతలో చెయ్యి పెట్టి చూశాను. ఈసారి ఏడాది మగ్గింది. చల్లగా ఉంది. తమ్ముడికి చూపించాలని ఉంది.

జూన్ 13
మరదలు సుజాత దారిలో ఎదురైంది. "మీరిద్దరు గిట్లనే ఉండుండ్రి బావా. పురుగులకు పండుగ." నాలుగడుగులు పోయి, మళ్లీ తిరిగి — "నిన్న ఆయన గూడ బాయికాడి వేపను ఒక్కడే ఊపిండు. సగం జారిపోయినయ్."
ఒక్కడే.

జూన్ 14
వాన. పోలేదు.

జూన్ 15
ఇంకా ఆలస్యమైతే గుడ్లు మట్టిలోకి పోతాయి. అవతల నర్సింహ పంపు దగ్గర ఉన్నాడు. కొంకి కట్టె అతని వైపు గట్టుకు ఆనించాను. చీర రెండు కొసలు పట్టుకొని, అతను నిలబడే చోట నిలబడ్డాను.
"నువ్ చెప్పిందే నిజం నర్సింహా. నేనే వినలే."
వినపడేట్టు అన్నానో లేదో...
పంపు ఆగింది. కాసేపటికి పైన కొమ్మ ఊగింది. మెడ మీద ఒక పురుగు పడింది, అంగీలోకి పోతోంది. దులుపుకోలేదు. రెండు చేతులూ చీరకే ఉన్నాయి.