మా అల్లుడు మంచివాడని తొమ్మిది సాక్ష్యాలు

స్టెన్‌విక్, మిన్నెసోటా
జనవరి

లాయరు థెరీసా పెల్కీ గారికి,

బోర్గిల్డ్ ట్వైట్ రాస్తున్నాను. ఇక్కడ మేము క్షేమం.

మా అల్లుడు వెర్లిన్ వికలాంగుల భృతి కేసు మీరు తీసుకున్నందుకు సంతోషించాలో భయపడాలో తేలడం లేదు. గెలిస్తేనే ఫీజు, ఓడితే ఒక్క సెంటు వద్దన్నారు. నలభై ఏళ్లు హైస్కూల్లో లాటిన్ చెప్పినదాన్ని. ముందు డబ్బడగని మనిషిని నేనెప్పుడూ నమ్మలేదు.

వెర్లిన్ చర్చి కప్పు మీంచి పడి నాలుగేళ్లయింది. ఆసుపత్రి నుంచి నడిచే వచ్చాడు కనక ఊరికి అతను బాగయినట్టే లెక్క. ఇళ్లకు కప్పులు వేసేవాడికి నడుము పోతే ఇంకేం మిగులుతుంది? మా అమ్మాయి పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే. నా పింఛను మీదే బతుకుతున్నాం. భృతి ఆఫీసు రెండుసార్లు కాదంది. రేపు జడ్జి కూడా కాదంటే ఇల్లు అమ్మాలి.

తెలిసినవాళ్ల చేత అతని గురించి రాయించమన్నారు. తొమ్మిది ఉత్తరాలు జతచేశాను. జడ్జి కళ్లు తుడుచుకోకపోతే అడగండి.

ఇట్లు,
బోర్గిల్డ్ ట్వైట్

తా.క.: ఈమెయిలు పంపమన్నారు. పోస్టులో మోసం వస్తే కనీసం కవరైనా మిగులుతుంది.

---

డ్యులూత్
జనవరి

గౌరవనీయులైన ట్వైట్ గారికి నమస్కారం.

ఉత్తరాలు చదివాను. కళ్లు తుడుచుకున్నది నేను. వెర్లిన్ గారు పని చెయ్యలేరని మనం చూపించాలి. పాస్టరు గారేమో "మంచు పడిన ప్రతి ఉదయం తెల్లవారకముందే చర్చి మెట్లు శుభ్రం చేస్తాడు. మసకచీకట్లో ఆ నారింజ రంగు వేటకోటు చూస్తే నాకు ధైర్యం" అని రాశారు. మీ పొరుగింటి ఆర్డిస్ గారు "నా కట్టెలన్నీ పేర్చిపెట్టాడు. పొగిడితే 'నేను కాదండీ' అంటాడు, ఎంత వినయం!" అన్నారు. తొమ్మిది మందిదీ అదే పాట. వీటితో ఆయనకు రేపే ఉద్యోగం వస్తుంది. మనకు కావలసింది అది కాదు.

ఆయన ఏం చెయ్యలేరో రాయించండి. అబద్ధం ఒక్కటీ వద్దు, ఉన్నదే చాలు. ఈ మంచు సంగతి నేను తేల్చుకునేదాకా ఆ ఉత్తరాలు ఇంకెక్కడికీ పంపకండి.

భవదీయురాలు,
థెరీసా పెల్కీ

తా.క.: ఏ కాగితం ఎవరి కంట పడుతుందో తెలియదు. దయచేసి "ఇక్కడ మేము క్షేమం" అని మొదలుపెట్టకండి.

---

స్టెన్‌విక్
ఫిబ్రవరి

లాయరు పెల్కీ గారికి,

ఇక్కడ మేము క్షేమంగా లేము. కాఫీ మాత్రం బాగుంది.

మీ మాట మీద ఆర్డిస్ ఇంటికి వెళ్లి, "మా వెర్లిన్ ఎందుకూ పనికిరాడని రాసివ్వు" అన్నాను. "ఏం బోర్గిల్డ్, అతన్ని ఇంట్లోంచి గెంటేస్తున్నావా?" అంది. ఇప్పుడు ఊరంతా నన్ను అనుమానంగా చూస్తోంది. నేను మిమ్మల్ని చూస్తున్నాను. నాలుగు మంచి మాటలు జడ్జికి చేరకూడదనే లాయరు ఎవరి తరఫు లాయరు? అందుకని నకళ్లు నేరుగా జడ్జికే రిజిస్టరు పోస్టులో పంపేశాను.

విచారణకు తర్ఫీదు కూడా నేనే ఇస్తున్నాను. గడ్డం గీసుకోవాలి. నిటారుగా కూర్చోవాలి. ఎలా ఉన్నారంటే "ఫర్వాలేదండీ" అనాలి. పరాయివాళ్ల ముందు ఒంట్లో నొప్పులు ఏకరువు పెట్టడం మా ఇంటా వంటా లేదు.

ఇట్లు,
బోర్గిల్డ్ ట్వైట్

తా.క.: నొప్పికి పదికి ఎన్నని మీ పత్రంలో ఉంది. వెర్లిన్ రెండు వేశాడు. "రాత్రంతా మూలుగుతావు కదయ్యా!" అంటే, "పది చచ్చినవాళ్లకి ఉంచాలిగా అత్తయ్యా" అన్నాడు. నేను మూడు చేశాను. మార్కులు ధారాళంగా వెయ్యడం నాకు అలవాటు లేదు.

---

డ్యులూత్
ఫిబ్రవరి

ట్వైట్ గారూ,

జడ్జి గారు ఆ ఉత్తరాలు చదివారు. విచారణలో మొదటి ప్రశ్న మంచు గురించేనట.

వెర్లిన్ గారికి ఫోను చేశాను. నొప్పి ఎలా ఉందంటే "ఫర్వాలేదు" అన్నారు. మెట్ల మీద మంచు ఎవరు ఎత్తుతున్నారంటే "నేను కాదు" అన్నారు. మరెవరంటే, "ఈసారి చలి కాస్త తక్కువే కదండీ" అని పెట్టేశారు.

నాకిది నచ్చలేదు. ఊరంతా ఆ కోటు ఆయనదే అంటోంది. ఆయన నాతో అబద్ధమాడుతుంటే ఈ కేసు నేను వదులుకోవాలి. సూటిగా అడుగుతున్నాను. ఆ కోటులో ఉన్నది ఎవరు?

థెరీసా పెల్కీ

తా.క.: ఆ "ఫర్వాలేదు" నేర్పడం తక్షణం ఆపండి.

---

స్టెన్‌విక్
ఫిబ్రవరి

పెల్కీ గారికి,

కాగితం మీద పెట్టను. ఎవరి కంట పడుతుందో తెలియదని మీరే అన్నారు. నన్ను సాక్షిగా పిలవండి. నేను మాట్లాడేంతసేపూ వెర్లిన్‌ను బయట కూర్చోబెట్టండి.

బో. ట్వైట్

తా.క.: లోపలికి పెద్ద సంచీ తేనిస్తారా?

---

డ్యులూత్
ఏప్రిల్

ప్రియమైన ట్వైట్ గారికి,

గెలిచాం! తీర్పులో ఈ ముక్క మీకోసం ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"సాక్షి వయసు డెబ్భై తొమ్మిది. సంచీలోంచి నారింజ రంగు కోటు, చెవుల టోపీ తీసి తొడుక్కుని గది ఆ చివర నిలబడ్డారు. దరఖాస్తుదారుకూ ఆమెకూ తేడా తెలియలేదు. మంచు ఎత్తినదీ, కట్టెలు పేర్చినదీ తానేనన్నారు. అతని పని అయిపోయిందని తెలిస్తే ఊరు జాలిపడి ఇంటికి హాట్‌డిష్ వంటకం గిన్నెలు పంపడం మొదలుపెడుతుందనీ, అది అతను తట్టుకోలేడనీ చెప్పారు. తొమ్మిది ఉత్తరాల్లోనూ దరఖాస్తుదారు 'నేను కాదు' అన్నట్టు ఉంది. ఆ ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నేను నమ్ముతున్నాను."

మిమ్మల్ని అనుమానించినందుకు మన్నించండి.

మీ
థెరీసా

తా.క.: విచారణకు జడ్జి పిలిపించిన ఉద్యోగాల నిపుణుడు వరండాలో కలిశాడు. వెర్లిన్ గారు చెయ్యగల ఉద్యోగం దేశం మొత్తం మీద ఒక్కటీ లేదట. మీకు మాత్రం మూడు కనిపించాయట.

---

స్టెన్‌విక్
ఏప్రిల్

థెరీసా గారికి,

ఇక్కడ మేము క్షేమం. ఇక రాయొచ్చు కదా.

తీర్పు వెర్లిన్‌కు చదివి వినిపించాను. నోరెళ్లబెడతాడనుకున్నాను. "తెలుసు అత్తయ్యా" అన్నాడు. మొదటి చలికాలం నుంచీ తెలుసట!

ఆ కోటు నేను తొడుక్కునేసరికి ఎప్పుడూ వెచ్చగా ఉండేది. మంచి ఉన్ని అనుకున్నాను. వీధి తలుపు పక్కన మేకుకు వేలాడే కోటు మిన్నెసోటా జనవరిలో వెచ్చగా ఎందుకుంటుందని లాటిన్ చెప్పినదానికి తోచలేదు. నాకంటే ముందే లేచి, దాన్ని కట్టెల పొయ్యి దగ్గర కాచి, మళ్లీ తగిలించి పడుకునేవాడట. నేను విన్న మూలుగు అదన్నమాట.

"ఒక్కమాట చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెబితే మీరు 'నేను కాదు' అంటారుగా" అన్నాడు.

ఇట్లు,
బోర్గిల్డ్ ట్వైట్

తా.క.: సంగతి ఊరికి తెలిసిపోయింది. హాట్‌డిష్‌లు గుమ్మం దాకా వచ్చాయి. వెర్లిన్ తట్టుకోవడమే కాదు, రెండోసారి వడ్డించుకుంటున్నాడు. పాస్టరు గారు డ్యులూత్ వస్తుంటే మీకూ ఒకటి పంపాను. గిన్నె ఆర్డిస్‌ది, అడుగున పేరు అతికించి ఉంది. తిరిగి పంపాలి. కేసు గెలిచారు గానీ, లాయర్ల మీద నాకింకా నమ్మకం కుదరలేదు.