ముల్లు చూసే మనిషి

ఏలూరు, 1937, ఆదివారం రాత్రి

తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే కారులో పాడు పెట్రోలు ముల్లు మళ్లీ గంతులేసింది. ట్యాంకులో సగం ఉన్నా ఖాళీ అంటుంది. ట్యాంకులో తేలుతూ ముల్లును కదపాల్సిన బెండు పెట్రోలు పీల్చి బరువెక్కింది.

సాయంత్రం దాన్ని ఊడదీసి, కొల్లేటి జాలర్లు వలకు కట్టే బెండు చెక్కి పెట్టాను. ట్యాంకులో బిగించేముందు సరిచూడాలంటే ఇద్దరుండాలి. వెనక ఒకరు బెండు ఎత్తాలి, ముందు సీట్లో ఒకరు ముల్లు చూసి చెప్పాలి. మా ఆవిడ సుభద్ర బతికున్నన్నాళ్లూ ఆ సీటు తనదే. "కదిలిందండీ, ఇంకొంచెం ఎత్తండి" అనేది.

బెండు ఎత్తి, అలవాటుగా "ఎక్కడిదాకా వచ్చిందే?" అని అరిచాను.

పక్కింటి మాస్టారు గోడమీదుగా తొంగిచూశారు. "ఎవరినండీ అడుగుతున్నారు?"

"ఎవర్నీ కాదండీ."

బెండు వదిలేసి నేనే ముందుకెళ్లి చూశాను. అప్పటికే ముల్లు ఖాళీలోకి పడిపోయింది.