మిద్దె మీద మెషిన్ ఆగిపోయిన సంగతి

మహదేవపుర,
అక్టోబరు 5, ఆదివారం.

చిరంజీవి కాత్యాయనికి, కింది పోర్షన్ భాగీరథమ్మ ఆశీర్వదించి రాసేది ఏమంటే,

ఇక్కడ మేము క్షేమం. అక్కడ, అంటే మా నెత్తి మీద, నువ్వు కూడా క్షేమమని నీ చెప్పుల చప్పుడు బట్టి తెలుస్తా ఉండాది. మొన్న మెట్ల మీద మనం అనుకున్న మాటల తర్వాత నువ్వు నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేసినట్టుండావు. నా గుడ్ మార్నింగ్ గులాబీలు నీకు చేరడం లేదు. అందుకే ఈ ఉత్తరం. మిద్దె మీద బట్టల తీగకి క్లిప్పు పెట్టి పోతా ఉండా. జవాబు నువ్వూ అక్కడే పెట్టు.

పండగైన మర్నాడు, శుక్రవారం, నీ బట్టలు తిరగతా ఉండంగా ఆగిపోయిన వాషింగ్ మెషిన్ ఇంకా అట్లే ఉండాది. లైటు వెలగదు, డ్రమ్ము తిరగదు. తొమ్మిదేండ్లుగా ఒక్క రోజు మొరాయించని మెషిన్ అది. నువ్వు అద్దెకొచ్చి రెండేండ్లు. వచ్చిన రోజే చెప్పినా, డ్రమ్ములో ముప్పాతిక వరకే బట్టలు, పౌడరు ఒక్క మూత, నెలకొకసారి ఉత్త మెషిన్‌లో వేడినీళ్ళు పోసి తిప్పమని. నువ్వేమో గోతాంలో పత్తి కూరినట్టు కూరతావు. నురుగు మిద్దె దాటి సజ్జ మీద కారతా ఉంటే పక్కింటి మునివెంకటమ్మ అడిగింది, "ఏమక్కా, సోపు ఫ్యాక్టరీ పెట్టినారా" అని.

పాడు చేసింది నువ్వే అని నేను అనడం లేదు. ఇంకెవరు అని అడగతా ఉండా, అంతే.

ఇట్లు,
భాగీరథమ్మ.

తా.క.: ఈ ఉత్తరం పైన పెట్టి రాప్పా అంటే మా ఇంటాయన ఆదినారాయణప్ప, "మీ యుద్ధంలో నేను టపాలోణ్ణి కాను" అన్నాడు. నలభై మెట్లు నేనే ఎక్కినా. ఈ మోకాలి నొప్పికీ నువ్వే కారణం.


మహదేవపుర (మీ నెత్తి మీద),
అక్టోబరు 8.

భాగీరథమ్మ ఆంటీకి, పై పోర్షన్ కాత్యాయని నమస్కరించి రాయునది.

కాకినాడలో మా అమ్మ కూడా నన్ను ఇన్ని మాటలు అనలేదు. సరే, ముప్పాతిక డ్రమ్ము రూలు నాకు బాగా గుర్తుంది. మరి పండక్కి ముందు మూడు బొంతలు ఒకేసారి వేసిందెవరు? స్పిన్‌లో మెషిన్ నడుచుకుంటూ పిట్టగోడ దాకా వెళ్ళింది. నేను వెళ్ళి కౌగిలించుకోబట్టి ఆగింది. ట్యాంకర్ నీళ్ళ ఇసుక పైపు జాలీలో అడ్డుపడితే ప్రతి శనివారం పాత టూత్‌బ్రష్‌తో తోమేది ఎవరు? అది కూడా నేనే.

నిన్న కంపెనీ టెక్నీషియన్‌ని పిలిపించింది కూడా నేనే. ఆయన వెనక మూత విప్పబోతే మీరు పరుగున వచ్చి, "ముట్టుకోవద్దు, మా మెకానిక్ గోపాలప్పే చూడాల" అన్నారు. నేను కూడా, "వద్దులెండి, టైమ్ వేస్ట్" అన్నాను. ఈ మధ్య మనిద్దరికీ కుదిరిన మాట ఇదొక్కటే. ఆయన మెట్లు దిగుతూ, "బోర్డు పోయుంటుంది మేడమ్, ఇంత పాతదానికి బోర్డు దండగ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. సగం డబ్బు నేను పెట్టుకుంటాను. పాతదాన్ని ఎవరూ విప్పి చూడాల్సిన పని కూడా ఉండదు.

ఇట్లు,
కాత్యాయని.

తా.క.: డ్రమ్ములో నిలిచిన నీళ్ళు మగ్గుతో తోడాను. అరవై మూడు మగ్గులు. చివరి మగ్గులో మీ జాకెట్టు హుక్కు దొరికింది. క్లిప్పుకి తగిలించాను, చూసుకోండి.


మహదేవపుర,
అక్టోబరు 9.

చిరంజీవి కాత్యాయనికి దీవెనలు.

నా మెషిన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేదానికి నువ్వెవరు? గోపాలప్ప కూతురి కాన్పుకని చింతామణి పోయినాడు. బిడ్డకి పేరు పెట్టినాక వస్తాడు. ఆయన చెయ్యి తప్ప వేరే చెయ్యి ఆ మెషిన్ మీద పడకూడదు. అంతవరకూ చేత్తో ఉతుక్కుంటే ఎవరూ చచ్చిపోరు. మేమందరం ఉతుక్కునే పెద్దయినాము. నా పద్ధతి నచ్చకపోతే ఈ బెంగళూరులో ఇండ్లే లేవా?

ఇట్లు,
భాగీరథమ్మ.

తా.క.: మూడో మెట్టు మీద ఒబ్బట్లు నాలుగు పెట్టినా. నీ కోసం కాదు. మిగిలినాయి, పారేసేదానికి మనసు రాలేదు. నెయ్యి పక్క గిన్నెలో ఉండాది.


మహదేవపుర,
అక్టోబరు 10.

ఇంటి యజమానురాలు శ్రీమతి భాగీరథమ్మ గారికి,

ఇండ్లే లేవా అని అడిగారు. ఉన్నాయి. సర్జాపురలో కొత్త అపార్ట్‌మెంట్లు బోలెడున్నాయని ఆఫీసులో చెప్పారు. అగ్రిమెంటు ప్రకారం ఒక నెల ముందు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నవంబరు 9న ఖాళీ చేస్తాను.

జీన్స్ ప్యాంటు చేత్తో పిండడం వల్ల రాత ఇలా వణికింది. ఏడ్చి కాదు.

ఇట్లు,
కాత్యాయని.

తా.క.: ఒబ్బట్లు తిన్నాను. అన్నం మీద కోపం చూపించకూడదు. గిన్నె తోమి మూడో మెట్టు మీద పెట్టాను. నెయ్యి ఇంకొంచెం ఉంటే బాగుండేది.


మహదేవపుర,
అక్టోబరు 12.

కాత్యాయనికి,

నేను కోపంలో ఒక మాట అంటే నువ్వు దాన్ని పట్టుకుని ఇల్లే వెతుక్కున్నావంటే, ముందునించే పోవాలని నీకుండాది. పోయే మనిషిని పట్టుకునే అలవాటు మాకు లేదు. సుఖంగా ఉండు.

ఇట్లు,
భాగీరథమ్మ.

తా.క.: టు-లెట్ బోర్డు రాస్తా ఉంటే నా చేతిరాత కోడి గీకినట్టుండాది. నీ రాత ముత్యాలు గదా. అట్టముక్క, స్కెచ్ పెన్ను మూడో మెట్టు మీద పెట్టినా, రాసి పెట్టు. తొందర లేదు.


సర్జాపుర,
నవంబరు 16, ఆదివారం.

ప్రియమైన ఆంటీకి, కాత్యాయని నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ గొంతు విని ఏమీ చెప్పలేను. అందుకే స్పీడ్ పోస్టు. ఇక్కడ పన్నెండో అంతస్తు. ప్రతి ఫ్లాటులో మెషిన్ బాత్రూమ్ పక్కన గూట్లో ఉంటుంది. మిద్దె మీద బట్టలారేయడానికి పర్మిషన్ లేదు. వచ్చి వారమైంది, ఎవరితోనూ పోట్లాడలేదు. నాకేమీ బాగోలేదు.

ఒక నిజం చెప్పాలి. ఆయుధ పూజ రోజు మీరు కె.ఆర్. పురంలో మీ అక్క ఇంటికి వెళ్తూ, మెషిన్‌కి నన్ను పూజ చేయమన్నారు. మా వైపు వాషింగ్ మెషిన్‌కి పూజ చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఫోన్లో వీడియో చూసి పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి, మూత మీద మరమరాలు పోశాను. కొబ్బరికాయ కొట్టడానికి రాయి దొరకలేదు. మెషిన్ అంచు మీదే కొట్టాను. కాయ రెండు చెక్కలైంది, నీళ్ళన్నీ బటన్ల సందుల్లోకి పోయాయి. చున్నీతో తుడిచాను. మర్నాడు కాక ఆ మర్నాడు ఆగిపోయింది.

భయమేసింది. మీరు తొమ్మిదేళ్ళు చూసుకున్న మెషిన్‌ని నేను ఒక్క దెబ్బతో చంపేశాను. చెప్పలేక మీ బొంతల మీదికి తోశాను. టెక్నీషియన్ విప్పితే కొబ్బరి నీళ్ళ వాసన వస్తుందని వద్దన్నాను. మీరు ఇండ్లే లేవా అన్నప్పుడు, నిజం చెప్పడం కన్నా ఇల్లు మారడమే సులువనిపించింది. తప్పు చేశాను ఆంటీ. కాయ కొట్టడం కాదు, నోరు మూసుకోవడం.

పోర్షన్‌లోకి ఇంకా ఎవరూ రాకపోతే ఒక్క ముక్క రాయండి. సామాన్లు సగం విప్పనే లేదు. వచ్చేస్తాను.

ఇట్లు,
మీ కాత్యాయని.

తా.క.: ఆ టు-లెట్ బోర్డు కావాలనే చిన్న అక్షరాలతో రాశాను. రోడ్డు మీదికి కనపడకూడదని.


మహదేవపుర,
నవంబరు 21, శుక్రవారం.

చిరంజీవి కాత్యాయనికి, భాగీరథమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం నిన్న బేస్తవారం వచ్చింది. రెండుసార్లు చదివినా. మా ఆయన ఒకసారి చదివి, కండ్లద్దాలు తుడుచుకున్నాడు.

పోయిన ఆదివారం గోపాలప్ప వచ్చినాడు. వెనక మూత విప్పినాడు. బోర్డు బంగారంలా ఉండాది. కొబ్బరి నీళ్ళు దాని దరిదాపుల్లోకి పోనేలేదు. ఎలుక దూరి కరెంటు వైరు కొరికేసింది, అంతే. నువ్వు పోసిన మరమరాలు, మేము బొరుగులంటాము, సందులో జారినాయి. వాటి కోసం వచ్చింది అది. గోపాలప్ప వైరు అతికి, అడుగున జాలీ బిగించి, కాఫీ తాగి, "అరగంట పని గదమ్మా, దీనికోసం నా పేరు చెప్పి నెలన్నర కూర్చున్నారా" అన్నాడు. మెషిన్ తిరగతా ఉండాది.

ఇప్పుడు నా సంగతి విను. ఆ టెక్నీషియన్‌ని నేనెందుకు విప్పనీలేదు? ఆయుధ పూజ రోజు పొద్దున్నే, నువ్వు లేవకముందే, స్కూటర్ కడిగినట్టు మెషిన్ని కూడా కడిగినా. పూజకి ముందు కడగాల గదా. పైనించి బకెట్టు నీళ్ళు రెండు కుమ్మరించినా. ఆగిపోంగానే ఆ నీళ్ళ వల్లే అనుకున్నా. విప్పితే లోపల తడి చూసి, "ఎవరమ్మా స్నానం చేయించింది" అని నీ ముందర అడుగుతాడేమో అని సిగ్గుపడి, తప్పంతా నీ నెత్తిన వేసినా. గోపాలప్ప ఐతే మనవాడు, చెవిలో చెప్పుకోవచ్చు అనుకున్నా.

నువ్వు దాచినావు, నేను దాచినా. తీరా చూస్తే దాంట్లో నీ తప్పూ లేదు, నా తప్పూ లేదు. నీకన్నా నలభై ఏండ్లు పెద్దదాన్ని, ముందు నేనే నోరు తెరవాల్సింది. ఆ సంగతి తలుచుకుంటే నిద్ర పట్టలేదు.

పోర్షన్ గురించి అడిగినావు. చిన్న అక్షరాలైనా ఎవరో చదివినారు తల్లీ. బుధవారం అడ్వాన్స్ తీసుకున్నా. నీ ఉత్తరం బేస్తవారం వచ్చింది.

ఇట్లు,
నీ భాగీరథమ్మ.

తా.క.: అడ్వాన్స్ తిరిగిచ్చేస్తామని చెప్పి రాప్పా అంటే, ఉత్తరం మొయ్యనన్న మా ఆయన ఈసారి మారు మాట్లాడకుండా పోయినాడు. అద్దెకొచ్చే పిల్ల కడుపుతో ఉండాదంట. పాలు పొంగించేదానికి మంచి రోజు కూడా చూసుకున్నారంట. ఆయన అడ్వాన్స్ మాట ఎత్తకుండానే వచ్చేసినాడు. ఎల్లుండి పొద్దున్నే వాళ్ళు పాలు పొంగిస్తారు. ఇంటి ఓనరమ్మని గదా, పోయి నవ్వుతా నిలబడాల.