వాగ్దానం కార్డు

ఆర్.కె. పురం,
బుధవారం.

తమ్ముడు దయాకర్‌కి,

నీ ఫోన్ పోలీసులు తీసుకున్నారు కనుక మరదలు ఫేబీ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

నువ్వు చూసుకునే ఆస్పత్రి కంప్యూటర్ సర్వర్లలోకి ఎవరో చొరబడి అన్నిటికీ తాళం వేశారని, రిపోర్టులు తెరుచుకోక ఆపరేషన్ ఆగి ఒకావిడ చనిపోయిందని విన్నాను. వాటి పాస్‌వర్డ్ నీకు తప్ప మరెవరికీ తెలియదని పోలీసులకు రాసిచ్చావట.

అది నిజం కాదు. కొత్త సంవత్సరం ఆరాధనలో నీకు వచ్చిన వాగ్దానం కార్డు మీది బైబిల్ వాక్యాన్నే, అధ్యాయం అంకెలతో సహా, పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నావు. "పక్కా తాళం అక్కా, మర్చిపోయే పనే లేదు" అని నవ్వావు. నాకు సంతోషం ఆగలేదు. ఆదివారం చర్చిలో లేచి, దేవుని వాక్యమే నా తమ్ముడి పాస్‌వర్డ్ అని అందరికీ సాక్ష్యం చెప్పాను. నీ ఆస్పత్రి పేరు చెప్పాను, ఆ వాక్యమూ చదివాను. అదంతా యూట్యూబ్‌లో లైవ్ వెళుతోందన్న ఆలోచనే రాలేదు.

ఆ వీడియో నువ్వు చూశావని ఫేబీ చెప్పింది. అయినా నా పేరు ఎత్తలేదు. నన్ను కాపాడేందుకు అబద్ధమాడకు, నాన్నా. రేపు ఉదయం నేనే వెళ్లి వాళ్లకు చెబుతాను.

నువ్వు ఒక్క పని చెయ్యి. చనిపోయినావిడ పేరు కనుక్కుని పంపు. మూడు రోజులుగా మోకరిస్తున్నాను. ఆ పేరు తెలియక ప్రార్థన సాగడం లేదు.

నీ పెద్దక్క