కంపుపువ్వు కషాయం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. అమ్మకి దగ్గు తగ్గింది, వంటింటి కప్పు కారడం ఆగింది. అంతవరకు కులాసానే. నీ కొత్త గదిలో నీళ్ల ఇబ్బంది తీరిందా? ప్రెస్సులో పని ఎక్కువని సాకు చెప్పి తిండి మానకు.

బాబాయి ఉన్నట్టుండి కషాయం పొట్లాలకి కొత్త పేరుతో లేబుల్ అచ్చు వేయమన్నాడేంటని కిందటి ఉత్తరంలో అడిగావు. ఆ సంగతే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

ఆ కషాయం కాచే పువ్వు నీకు తెలిసిందే. రైలు కట్ట వెనక తొలి వానలకి మొలిచి, మోకాలెత్తు పెరిగి, ఊదారంగు పూలు పూసి, విత్తనాలు రాల్చి ఎండిపోతుంది. పువ్వు చూస్తే పౌడరు అద్దుకునే కుచ్చులా ముద్దుగా ఉంటుంది. ఆకు నలిపితే మేకపోతు వాసన. అందుకే కంపుపువ్వు అనేవాళ్లం. అమ్మమ్మ చిన్నప్పుడు ఇది ఈ చుట్టుపక్కల లేనే లేదట. ఏదో బంగళా తోట కోసం పరదేశం నుంచి తెప్పించిన కుండీల మట్టిలో వచ్చి, గోడ దాటి, ఊరంతా కాపురం పెట్టేసింది. బాబాయేమో పొట్లాల మీద "తాతముత్తాతలు నమ్మిన కొండమూలిక, కీళ్ల నొప్పులకి" అని రాయించాడు. ఆ అక్షరాలు గీసింది నువ్వు. షెడ్డులో ఆకు ఎండబెట్టి పొట్లాలు కట్టింది నేను. ఎవరికీ హాని లేదనుకున్నాం.

ఈ వానలకి తట్టల్లో ఆకంతా బూజు పట్టింది. "దులిపి కట్టెయ్" అన్నాడు బాబాయి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే వేళ్లకి అదే కంపు. సబ్బు అరిగిపోయింది గాని వాసన పోలేదు.

సందు చివర దర్జీ అత్త, నీ బడి చొక్కాలన్నీ కుట్టిన మనిషి, మోకాళ్లు పట్టేసి మిషను తొక్కలేక పొద్దునా సాయంత్రం ఇదే తాగింది. ముందు కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత పొట్ట ఉబ్బింది. ఆసుపత్రికి వెళ్లి చూస్తే చేతులు పుల్లల్లా ఉన్నాయి. బాబాయి అప్పటికే పళ్లు పట్టుకుని వచ్చి వెళ్లాడట.

"కషాయం ఊసెత్తకన్నాడమ్మా. నాటుమందని తెలిస్తే డాక్టర్లు వైద్యం ఆపేస్తారట," అంది నా చెవిలో. పాపం, నమ్మింది.

ఇంటికొచ్చి ఒక గ్లాసు కాచి ఆయన ముందు పెట్టాను. "తాగు బాబాయి," అన్నాను.

మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. "ఆ కంపు ఎవరు తాగుతారే? పేరు మారిస్తే సరిపోతుంది. తమ్ముడికి రాశాలే."

నాన్న పోయాక మనిద్దర్నీ భుజాన వేసుకుని తిరిగిన మనిషి. ఆ నవ్వు చూసి పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

ఇంతసేపూ రాయకుండా ఆపుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. మర్నాడు ఒక పొట్లం పట్టుకెళ్లి దర్జీ అత్తని చూస్తున్న డాక్టరమ్మకి ఇచ్చేశాను. ఆకు ఎక్కడ కోస్తామో, ఎవరెవరు కొంటారో అంతా చెప్పాను. ఆ మొక్కలో కాలేయాన్ని తినేసే విషం ఉందట. అధికారులు షెడ్డుకి తాళం వేసి బాబాయిని తీసుకెళ్లారు. లేబుల్ ఎవరు గీశారని అడిగారు. నీ పేరు, ప్రెస్సు చిరునామా నేనే చెప్పాను. నా పేరు దాచుకోనిదాన్ని నీ పేరు ఎలా దాచను?

"అన్నం పెట్టినవాణ్ణి పట్టించావు, తోడబుట్టినవాణ్ణీ ఇరికించావు," అంది అమ్మ. అప్పట్నుంచి కంచం పెడుతుంది, మొహం చూడదు. దర్జీ అత్త గురించి డాక్టరమ్మ ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు.

నువ్వు ఆ కొత్త లేబుల్ అచ్చు వేశావో లేదో నాకు తెలీదు. వేయకపోతే సరే. వేసి ఉంటే మాత్రం తగలబెట్టకు తమ్ముడూ. వాళ్లొచ్చి అడిగేదాకా ఆగకుండా నువ్వే తీసుకెళ్లి చేతిలో పెట్టెయ్. కోపం వస్తే నన్ను తిట్టు, రాసి మరీ తిట్టు. ఊరుకోవద్దు.

ఇట్లు,
నిన్ను ఇరికించిన
నీ అక్క